మా పాప రాయని పదో తరగతి పరీక్షలు

మొన్న సంక్రాంతి ముందు ఇంటికి రంగులు వేయిద్దామని గోడలు గీకిస్తున్నాం. కుట్టుమిషన్ పక్క గోడ మీద ఒక కాగితం ఎంతకీ ఊడి రావట్లా. రంగులేసే అబ్బాయి "ఆంటీ ఇది మైదా బంకతో అంటించారు, బ్లేడుతో గీకేస్తా" అన్నాడు. వద్దు బాబూ నేను తీస్తాలే అని స్టూలు వేసుకుని కూర్చుని తడిగుడ్డతో అద్దుకుంటూ అద్దుకుంటూ తీసా. తీస్తే ఒకటి కాదు మూడు. ఒకదాని మీద ఒకటి మూడు టైంటేబుళ్ళు. పైది జూలై 10 నుంచి, దాని కింద మార్చి 31 నుంచి, అన్నిటికన్నా అడుగున మార్చి 23 నుంచి. మూడూ మా పాప చేతిరాతే, తెలుగుకి ఎర్ర స్కెచ్, లెక్కలకి నీలం, సైన్సుకి పచ్చ. మూడూ 2020 పదో తరగతి పబ్లిక్ పరీక్షలవి. ఆ మూడిట్లో ఒక్క పేపరు కూడా అది రాయలేదు.

తడిసి ముద్దయిన ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయా. పాప ఇప్పుడు డిగ్రీలో ఉంది, పెద్దదైపోయింది, దానికి చూపిస్తే "ఇంకా ఉన్నాయా అమ్మా ఇవి" అని ఒకసారి చేత్తో తడిమి మళ్ళీ ఫోన్లో పడిపోయింది. నాకే పోలేదు. అందుకే ఇదంతా ఒకసారి రాసిపెట్టుకుందామని.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నాకెందుకు అంత పట్టింపో అర్థం కాదు. మాది తెనాలి పక్కన పల్లెటూరు. నేను పదో తరగతి రాసింది 1997లో, సెంటర్ తెనాలిలో పడింది. మా నాన్న పొద్దున్నే సైకిల్ క్యారేజీకి గోనెసంచి మడిచి మెత్తగా కట్టి నన్ను కూర్చోబెట్టుకుని కాలవ గట్టు మీదుగా తొక్కుకుంటూ తీసుకెళ్ళేవాడు. నేను లోపలికి వెళ్ళాక ఆయన ఇంటికి వెళ్ళేవాడు కాదు, గేటు ఎదురుగా వేపచెట్టు ఉండేది, దాని కింద సైకిల్ స్టాండ్ వేసి అక్కడే కూర్చునేవాడు. అప్పట్లో చివరి అరగంట బిట్ పేపర్ ఇచ్చేవాళ్ళు కదా, ఆ గంట కొట్టగానే బయట ఉన్న నాన్నలందరూ లేచి గేటు దగ్గరికి వచ్చేసేవాళ్ళు. నేను బయటకి వచ్చేసరికి ఆయన అందరికంటే ముందు నిలబడి ఉండేవాడు. ఎట్లా రాశావని ఒక్కరోజు కూడా అడగలా. "ఆకలేస్తందామ్మా" అని అడిగేవాడు, అంతే. గోలీసోడా కొట్టించి సైకిలెక్కించేవాడు. పదకొండు పేపర్లకీ అంతే.

నేను లెక్కల్లో తప్పాను. సెప్టెంబర్లో మళ్ళీ కట్టి పాసయ్యా గానీ అక్కడితో చదువు ఆగిపోయింది, మిషన్ నేర్చుకున్నా, పెళ్ళయ్యి బెజవాడ కృష్ణలంక వచ్చేసా. మా ఆయన ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతా. పిల్ల పుట్టాక నాకు ఒకటే కోరిక ఉండేది, ఇది పదో తరగతి రాసేటప్పుడు నేను కూడా మా నాన్నలాగా గేటు బయట నిలబడాలి అని. వినడానికి చిన్న కోరికే. కానీ పదిహేనేళ్ళు దాచుకున్నది.

పాప చదివింది మున్సిపల్ హైస్కూల్లో. 2019-20 టెన్త్ బ్యాచ్ అంటే టీచర్లకి కూడా కొంచెం కంగారుగా ఉండేది, ఎందుకంటే ఆ ఏడు నుంచే బిట్ పేపర్ విడిగా ఇవ్వటం తీసేశారు, స్కూల్లో వేసే ఇరవై ఇంటర్నల్ మార్కులు తీసేశారు, మొత్తం వందకి వంద పరీక్షలోనే రాయాలి. దాంతో డిసెంబర్ నుంచే స్టడీ అవర్స్ పెట్టారు. సాయంత్రం ఏడింటి దాకా బళ్ళోనే. ఆకలికి ఉంటాయని మేమే తల్లులం వంతులేసుకుని శనగలు ఉడకబెట్టి, పోపేసి, స్టీలు డబ్బాలో పంపించేవాళ్ళం. నా వంతు మంగళవారం. తెలుగు మాష్టారు అయితే ఆ శనగలు తింటూనే పిల్లల చేత పద్యాలు ఒప్పజెప్పించుకునేవాడంట, అది ఇంటికొచ్చి ఆయన గొంతుతో చేసి చూపించేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం బీసెంట్ రోడ్డుకి వెళ్ళి పరీక్ష ప్యాడ్ కొన్నాం. అద్దంలా అటు నుంచి ఇటు కనబడే ప్లాస్టిక్ ప్యాడ్ ఉంటుంది చూడండి, పైన స్టీలు క్లిప్పు, ఒక పక్క స్కేలు గీతలు. దాని మీద గీతలు పడకుండా పల్చటి కవర్ అంటించి ఉంటుంది. నేను ఇంటికి రాగానే గోరుతో ఆ కవర్ మూల లేపబోతే "అమ్మా తియ్యొద్దు, పరీక్ష రోజు పొద్దున నేనే తీస్తా" అని లాక్కుంది. కొత్త పెన్నులు అయిదు తీసుకుని కొండ మీదకి వెళ్ళి అమ్మవారి దగ్గర పూజ చేయించుకొచ్చాం. ఆ పెన్నులకి కుంకుమ ఇంకా అంటుకునే ఉండగానే బాక్సులో పెట్టేసింది, తుడవనివ్వలేదు.

ఫేర్‌వెల్ కి లంగా ఓణీ కావాలంది. కనకాంబరం రంగు ఓణీ, పచ్చ లంగా. జాకెట్టు నేనే కుట్టా. మామూలుగా ఆడపిల్లల జాకెట్లకి పక్క కుట్లలో లోపల బట్ట కొంచెం వదులుతాం, ఎదిగే పిల్లలు కదా, తర్వాత కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చని. దీనికి ఇంకొంచెం ఎక్కువే వదిలా, రెండు పక్కలా అంగుళంన్నర. పెళ్ళిళ్ళకి కూడా వేసుకుంటుందిలే అని.

అసలు పరీక్షలు మార్చి 23న మొదలవ్వాలి. పాప మొదటి టైంటేబుల్ గోడకి అంటించింది అప్పుడే. తర్వాత పంచాయతీ మున్సిపల్ ఎన్నికలు వచ్చిపడ్డాయి, ఎన్నికల కోసం పరీక్షల్ని మార్చి 31కి జరిపారు. మా పాపకి ఆనందం, ఎనిమిది రోజులు కలిసొచ్చాయి సోషల్ ఇంకోసారి తిరగేస్తా అని. రెండో టైంటేబుల్ మొదటిదాని మీదే అంటించింది, పాతది పీకితే సున్నం ఊడుతుందని. పరీక్షలు వెనక్కి జరిగాయి కాబట్టి ఫేర్‌వెల్ కూడా కొన్నాళ్ళు ఆగి పెట్టుకుందాం అనుకున్నారు బళ్ళో. తర్వాత ఎన్నికలే వాయిదా పడిపోయాయి, పరీక్షలు మాత్రం 31కే ఉంచారు. ఇప్పుడు తల్చుకుంటే నాకు అక్కడే బాధ. ఎన్నికల మాట లేకపోతే ఫేర్‌వెల్ అయినా ముందే అయిపోయేది, దానికి ఆ ఓణీ అయినా దక్కేది.

మార్చి 18 బుధవారం. మర్నాటి నుంచి బడులు మూసేస్తున్నామని ప్రభుత్వం చెప్పిన రోజు. సాయంత్రం పాప మామూలుగానే వచ్చింది, చెప్పులు గుమ్మంలో విసిరేసి "రేపట్నుంచి సెలవులంట, హాల్ టికెట్లకి మళ్ళీ పిలుస్తారంట" అంది. అంతే. నేను కూడా సరే మొహం కడుక్కుని రా అన్నా. అదే దాని బడి ఆఖరి రోజు అని దానికి తెలియదు, నాకు తెలియదు, ఆ టీచర్లకీ తెలియదు. తెలిసుంటే ఏం చేసేవాళ్ళమో. ఆ రోజు దాని ఫ్రెండ్ ఒకమ్మాయి దీని స్లామ్ బుక్ ఇంటికి పట్టుకెళ్ళింది, రేపు రాసి తెస్తా అని. ఆ పిల్ల వాళ్ళ అమ్మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బిల్డింగ్ పనులకి వచ్చినవాళ్ళు, రాణిగారితోటలో ఉండేవాళ్ళు.

22 ఆదివారం జనతా కర్ఫ్యూ, సాయంత్రం అయిదింటికి మా వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చప్పట్లు, పళ్ళేలు. 24న పరీక్షలు వాయిదా అన్నారు. మర్నాడు ఉగాది. ఆ ఉగాది రోజు నుంచే దేశమంతా లాక్‌డౌన్. వచ్చిన సంవత్సరం పేరు శార్వరి, శార్వరి అంటే రాత్రి అని మా పాపే చెప్పింది, తెలుగు మాష్టారు చెప్పారంట. పచ్చడికి వేపపువ్వు మా వీధి చెట్టుదే కోసుకున్నా, మామిడికాయ మాత్రం దొరకలేదు, చింతపండుతోనే కానిచ్చా.

ఏప్రిల్ అంతా ఎట్లా గడిచిందో బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు వన్‌టౌన్ అన్నారు, తర్వాత మా కృష్ణలంక పేరు రోజూ టీవీల్లో. వీధి మొదట్లో వెదురు బొంగులు కట్టేశారు. బ్లీచింగ్ వాసన అన్నంలో కూడా వచ్చేది. వాలంటీరు అబ్బాయి వచ్చి గుమ్మం బయటే నిలబడి జ్వరం ఉందా దగ్గు ఉందా అని రాసుకెళ్ళేవాడు. వేరే పేటల్లో ఉన్న బంధువులు ఫోన్ చేసి మాట్లాడేటప్పుడు కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు, మా ఏరియా పేరు చెప్తేనే అంటుకుంటుందేమో అన్నట్టు. మా ఆయన షెడ్డు మూసేశారు. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు లేరు, పెళ్ళిళ్ళే లేకపోతే జాకెట్లెందుకు. తర్వాత మా డ్వాక్రా గ్రూపుకి మాస్కులు కుట్టే పని వచ్చింది, దాంతో కొంచెం ఊపిరాడింది. రోజంతా అదే కుట్టు, మూడు మడతలు, రెండు నాడాలు. పాప పక్కనే కింద కూర్చుని చదువుకుంటూ మధ్యమధ్యలో నాడాలు కత్తిరించి ఇచ్చేది.

పరీక్షలు పెడతారో పెట్టరో ఎవరికీ తెలియదు, కానీ అది చదవటం ఆపలేదు. సప్తగిరి ఛానల్లో విద్యామృతం అని టెన్త్ పిల్లలకి పాఠాలు వేసేవాళ్ళు, టైముకి టీవీ ముందు నోట్సు పట్టుకుని కూర్చునేది, సరిగ్గా లెక్కల పాఠం అప్పుడే కరెంటు పోతే ఏడుపు మొహం పెట్టేది. ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద ఫోనూ మా ఆయనది, అందులో టీచర్లు పెట్టే ప్రశ్నలు రాత్రిళ్ళు రాసుకునేది. మా నాన్న తెనాలి నుంచి రోజూ ఫోన్. కరోనా సంగతి కాదు, "బుజ్జమ్మకి పరీక్షలెప్పుడంటమ్మా" అని. మే నెలలో చెప్పారు, జూలై 10 నుంచి, పదకొండు పేపర్లు కాదు ఆరే పేపర్లు అని. మూడో టైంటేబుల్ వచ్చి గోడెక్కింది. ఎర్ర స్కెచ్ అయిపోవచ్చి "తెలుగు" అన్న మాట సగం ఎరుపు సగం గులాబీ రంగులో పడింది, మొన్న కూడా అది అట్లాగే ఉంది.

మేలోనే హైవే మీద నడిచి వెళ్ళేవాళ్ళని చూశాం. వారధి దాటి వచ్చేవాళ్ళు, ఒడిశా, జార్ఖండ్ అంట, ఎక్కడెక్కడి నుంచో. నెత్తి మీద బకెట్లు, బకెట్లలో పసిపిల్లలు. మా వీధి వాళ్ళం పులిహోర పొట్లాలు, నీళ్ళ ప్యాకెట్లు ఇచ్చొచ్చేవాళ్ళం. ఒకరోజు ఒక పిల్ల, మా పాప వయసే ఉంటుంది, స్కూలు బ్యాగు తగిలించుకుని నడుస్తోంది. బ్యాగులో బట్టలు కుక్కారు, జిప్పు పట్టలేదు. మా పాప ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. "ఆ అమ్మాయి కూడా టెన్త్ ఏమో అమ్మా" అంది. నేనేం చెప్పను. దాని ఫ్రెండు వాళ్ళు కూడా అప్పటికే శ్రీకాకుళం వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. ఎట్లా వెళ్ళారో నేను అడగలేదు.

జూన్ 20 శనివారం. ఆ రోజు బాగా గుర్తు. నేను మాస్కులే కుడుతున్నా. పాప మంచం మీద కూర్చుని లెక్కల మోడల్ పేపర్ చేస్తోంది, సమయం చూసుకుని మరీ. పక్కింటి పిన్నిగారి మనవడు, వాడూ టెన్తే, వీధిలోంచి అరుచుకుంటూ వచ్చాడు "రద్దు రద్దు, అందరూ పాస్" అని. టీవీ పెట్టాం. మంత్రి గారు మాట్లాడుతున్నారు, పదో తరగతి పరీక్షలు రద్దు, ఆరు లక్షల మందికి పైగా పిల్లలు, అందరూ పాస్. వీధిలో మగపిల్లలు ఈలలు, ఎవరో బకెట్టుతో నీళ్ళు చల్లుకుంటున్నారు, పెద్దవాళ్ళు కూడా నవ్వుతున్నారు. మూడు నెలల తర్వాత మా వీధిలో నవ్వులు వినబడింది ఆ రోజే, అది కూడా నిజం.

మా పాప ఏమీ అనలేదు. చేస్తున్న లెక్క ఆపకుండా చివరి దాకా చేసింది. జవాబు కింద రెండు గీతలు గీసింది, వాళ్ళ మేడం అలా గీయమనేది. పుస్తకం మూసి, ప్యాడ్ తీసుకుని, స్టూలెక్కి బీరువా మీద పెట్టేసింది. కవర్ తీయని ప్యాడ్. దిగి వచ్చి నా పక్కన కూర్చుని నాడాలు కత్తిరించటం మొదలుపెట్టింది. కాసేపయ్యాక చూస్తే కత్తెర నడుస్తానే ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నాడాలు మాత్రం సరిగ్గా కొలతకే తెగుతున్నాయి. నేను మిషన్ ఆపి దగ్గరికి తీసుకున్నా. "నేను బాగా రాసేదాన్నమ్మా" అంది. ఒక్కటే మాట. "తెలుసు నాన్నా" అన్నా.

మర్నాడు ఆదివారం సూర్యగ్రహణం. పొద్దున పదిన్నర నుంచి ఎండ మసకబారి అదో రకంగా అయిపోయింది, మా అత్తయ్య పొయ్యి వెలిగించనివ్వలేదు, పచ్చళ్ళ జాడీల మీద దర్భలు వేసింది. అందరం లోపలే కూర్చున్నాం. పాప ఆ రోజంతా పడుకునే ఉంది. గ్రహణం విడిచాక స్నానాలు చేసి అన్నం వండితే లేచి తింది. తర్వాత పరీక్షల మాట ఎత్తలేదు.

అందరూ "మీ అమ్మాయి అదృష్టవంతురాలు, రాయకుండానే పాస్" అనేవాళ్ళు. ప్రేమగానే అనేవాళ్ళు, తప్పు పట్టను. రద్దు చేయటం కూడా తప్పని నేను ఎప్పుడూ అనలేదు, అన్ని లక్షల పిల్లల్ని గదుల్లో కూర్చోబెట్టి ఏ ఒక్క బిడ్డకైనా ఏమైనా అయితే ఏ తల్లికి సమాధానం చెప్తారు, నేనే మొదట పంపించేదాన్ని కాదేమో. కానీ పదేళ్ళు చదివిన పిల్లకి చివర్లో ఒక గంట కొట్టాలి కదండీ. పరీక్ష అయిపోయిందని ఇంకు చల్లుకోవాలి, ఏడవాలి, ఒకళ్ళనొకళ్ళు కౌగలించుకోవాలి, టీచర్ల కాళ్ళకి దణ్ణం పెట్టాలి. అది దక్కలేదు వీళ్ళకి. చప్పుడు లేకుండా ఒక బుధవారం సాయంత్రం చెప్పులు విడిచినట్టు అయిపోయింది బడి.

జూలై 10న పొద్దున అయిదింటికి ఫోన్లో అలారం మోగింది. తీసేయటం మర్చిపోయింది. అలారానికి పేరు కూడా పెట్టుకుంది, తెలుగు అని. మా ఆయన లేచి ఆపేసి ఫోన్ వంక చూసి ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకి ఇలాంటివి పట్టవనుకునేదాన్ని నేను అప్పటిదాకా.

టీసీ కోసం బడికి వెళ్ళాం, గేటు దగ్గరే శానిటైజర్, లోపల ఇద్దరే స్టాఫ్. సంతకం పెట్టించుకుని కాగితం ఇచ్చారు, అయిదు నిమిషాల పని. పాప వాళ్ళ టెన్త్ క్లాసు గది కిటికీలోంచి తొంగి చూసింది. బోర్డు మీద 18-3-2020 అని తారీకు అలాగే ఉంది, కింద హాజరు 41 అని. తుడిచేవాళ్ళు ఎవరు. ఫోటో తీసుకుందామంటే ఆ రోజు ఫోన్ మా ఆయన దగ్గర ఉండిపోయింది.

ఇంటర్ ఆన్‌లైన్ లోనే మొదలైంది. కాలేజీ మొహం చూసింది సంక్రాంతి అయ్యాకే. మూడు నెలలు తిరక్కుండానే రెండో వేవ్. ఆ ఏప్రిల్ మే గురించి నేను రాయను, మా వీధిలో ఇద్దరు పోయారు, అది వేరే సంగతి. 2021 జూన్ 24న మళ్ళీ టీవీలో అదే వార్త, టెన్త్ ఇంటర్ పరీక్షలు రద్దు. ఫస్టియర్ కూడా రాయలేదు. ఆ తర్వాత బెటర్‌మెంట్ పెట్టారు, కావాల్సినవాళ్ళు రాసుకోవచ్చని, సరిగ్గా అప్పుడే మా పాపకి జ్వరం, పది రోజులు మంచం దిగలేదు. అంటే లెక్కేసుకోండి, పదో తరగతి పాసయ్యింది, ఇంటర్ ఫస్టియర్ అయిపోయింది, అయినా పబ్లిక్ పరీక్ష అంటే ఎట్లా ఉంటుందో దానికి తెలియదు. ఆ బ్యాచ్ పిల్లలు ఎంతమందో ఇలాగే.

మధ్యలో స్లామ్ బుక్ వచ్చింది, శ్రీకాకుళం నుంచి, పార్శిల్లో. ఆ అమ్మాయి తన పేజీ రాసి పంపింది. ఇష్టమైన రంగు, ఇష్టమైన హీరో, అన్నీ నింపింది. భవిష్యత్తులో ఏమవుతావు అన్న చోట టీచర్ అని రాసి ఉంది, అది మార్చిలో రాసిందే అయ్యుంటుంది. ఆ పిల్ల ఇంటర్లో చేరలేదు. పార్శిల్ తో పాటు శుభలేఖ కూడా పెట్టింది. పాస్ అన్నవాళ్ళలో ఆ అమ్మాయి కూడా ఉంది. మా పాప ఆ శుభలేఖ స్లామ్ బుక్ మధ్యలో పెట్టి మూసేసింది.

2022 మే. సెకండియర్ పరీక్షలు ఖాయం అన్నారు. రోళ్ళు పగిలే ఎండలు. పాప మళ్ళీ గోడకి టైంటేబుల్ అంటిస్తుందేమో అనుకున్నా, అంటించలేదు. "గోడకి పెడితే జరగవమ్మా" అంది. అంత భయం పెట్టుకుంది లోపల. పరీక్షల మధ్యలో అసానీ తుఫాను వచ్చి 11వ తారీకు పరీక్షని 25కి వాయిదా వేశారు, ఆ వార్త చదివి మళ్ళీ మొదలైంది అని తెల్లబోయింది పిల్ల.

మొదటి పరీక్షకి ముందు రోజే మా నాన్న తెనాలి నుంచి ట్రైన్లో వచ్చేశాడు. ఎవరూ పిలవలేదు. డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, చేతిలో మజ్జిగ సీసా. "బుజ్జమ్మ పరీక్షంట కదా" అన్నాడు.

పొద్దున బీరువా మీద నుంచి ప్యాడ్ దించాం. రెండు ఎండాకాలాలు ఆ రేకుల వేడికి అట్లా పడి ఉందేమో కవర్ ప్యాడ్‌కి కరుచుకుపోయింది. పాప మూల లేపితే ముక్కలు ముక్కలుగా వస్తోంది, జిగురు అక్కడే ఉండిపోతోంది. దానికి ఏడుపొస్తోంది, టైమేమో ఏడున్నర అవుతోంది. నేను కొబ్బరినూనె చుక్కేసి పాత పరికిణీ గుడ్డతో రుద్దా, కాసేపటికి జిగురు వదిలింది. ప్యాడ్ తళతళ మెరిసింది, కొత్తదానిలాగే. ఒక మూల మాత్రం చిన్న పసుపు మచ్చ ఉండిపోయింది. అమ్మవారి దగ్గర పెట్టిన పెన్నుల్లో అయిదింట్లో మూడు ఆరిపోయాయి, రెండు రాశాయి. ఆ రెండే పట్టుకెళ్ళింది.

సెంటర్ గేటు దగ్గర ఎంత జనం. తల్లులు, తండ్రులు, బైకులు. ఎనిమిదిన్నరకే ఎండ చుర్రుమంటోంది. పాప లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది, చెయ్యి ఊపలేదు, తల మాత్రం ఊపింది. గేటు వేసేశారు. నేను, మా నాన్న రోడ్డు పక్కన రావిచెట్టు కింద నిలబడ్డాం. ఎవరో టీ కొట్టాయన స్టూలు ఇస్తే నాన్నని కూర్చోబెట్టా. ఆయన పదకొండున్నర దాకా కూర్చుని తర్వాత లేచి నిలబడ్డాడు.

అప్పుడు చెప్పాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి. "నీ లెక్కల పేపర్ రోజు నువ్వు గేటు దాటి నాలుగడుగులు వేసేసరికే నాకు తెలిసిపోయిందమ్మా" అన్నాడు. ఏం తెలిసింది నాన్నా అన్నా. "పోయిందని. నీ నడకలో తెలిసిపోయింది. అందుకే అడగలేదు." నేను 1997లో రిజల్ట్స్ వచ్చేదాకా నెల రోజులు ఆయనకి తెలియదనుకుని భయపడుతూ తిరిగా. ఆయన ఆ నెలంతా తెలిసే మామూలుగా ఉన్నాడు. ఆ రోజు కూడా గోలీసోడా కొట్టించాడు. ఆ రోజు నాకు రెండు సోడాలు కొట్టించాడని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

గంట కొట్టారు. జనం గేటు మీద పడ్డారు. నేను కాళ్ళెత్తి చూస్తున్నా, ఇంతమందిలో నా బిడ్డ ఏది అని. వచ్చింది. ప్యాడ్ నెత్తి మీద పెట్టుకుంది ఎండకి, ఆ ప్లాస్టిక్‌లోంచి ఎండ దాని మొహం మీద పడుతోంది. పక్కనున్న పిల్లతో ఏదో గట్టిగా మాట్లాడుతూ, పెద్ద పెద్ద అడుగులేసుకుంటూ వస్తోంది, చున్నీ జారి ఒక పక్క నేల మీద ఈడుస్తోంది, అది కూడా చూసుకోవట్లేదు.

మా నాన్న ఆ నడకనే చూస్తున్నాడు. నేనూ చూశా. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

దగ్గరికి వచ్చి చెయ్యి నా ముందు పెట్టింది, మధ్య వేలు పెన్ను పట్టుకున్న చోట ఎర్రగా కందిపోయి సొట్ట పడింది. "అమ్మా మూడు గంటలు ఆపకుండా రాస్తే ఇంత నొప్పి పుడుతుందా, నాకెవరూ చెప్పలేదే" అంది. నేను ఆ వేలు పట్టుకుని నొక్కుతున్నా. మా నాన్న సీసా మూత తీసి మజ్జిగ గ్లాసులో వంచుతూ "ఆకలేస్తందామ్మా" అని అడిగాడు.